ఏం కూర ఇయ్యాల?

లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు, మా సేవాసంస్థ తరఫున ఇస్నాపూర్ కిరాయి గదులకు బియ్యం, పిల్లలకు పాలపొడి మోసేవాళ్లం. నాతో వచ్చే అక్క ఏ గుమ్మం ముందు నిలబడినా "బియ్యం ఉన్నయా?" అని అడిగేది కాదు. పక్కింటామెలా "ఏం కూర ఇయ్యాల?" అనేది.

"సీదా అడగరాదా అక్కా?" అన్నాను ఒకసారి.

"లేవని ఎవలు చెప్పుకుంటరు తమ్మీ? కూర పేరు చెప్పనీకి తడబడిన్రంటే, పొయ్యి ఎలిగియ్యలేదన్నట్టే."

అక్క ఉండేదీ ఆ కిరాయి గదుల్లోనే. ఆమె ఎదురు గదిలో ఉండే ఒడిశా కూలీల పాప ఆమె వెంట తిరిగి తిరిగి ఆ ఒక్క తెలుగు మాట నేర్చుకుంది.

కొన్నాళ్లకు అక్కకే కరోనా సోకింది. ఒంటరి మనిషి. కిటికీ బయట నిలబడి, "ఏమన్న తేవాల్నా అక్కా?" అని అడిగాను.

"ఏమొద్దు, అన్నీ ఉన్నయి. నువ్వు దూరం ఉండు," అని కసిరింది. నమ్మి వెనుదిరిగాను.

ఇంతలో ఎదురు గుమ్మంలోంచి పాప అరిచింది: "అక్కా, ఏం కూర ఇయ్యాల?"

"టమాట... కాదు, పప్పు," అంది లోపలినుంచి అక్క.

పాపకు ఏమీ అర్థం కాలేదు. ఒకప్పుడు అక్క అడిగిన అదే ప్రశ్నకు తడబడ్డ దాని తల్లి మాత్రం గబగబా లేచి పొయ్యి వెలిగించింది.