తలుపు తీసిన ఊరు

ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి నీలిగుడ్డ కొనడానికి నెల్లూరు నుంచి వెళ్లి, రాజమ్మత్త ఇంట్లో దిగాను. ఆమె దగ్గర రోజూ భోంచేసేవాళ్లలో జువాన్ని అనే ఇటలీ ముసలాయన ఒకడు. చర్చిలో చలవరాయి చెక్కేవాడు. ఇరవై ఏళ్లుగా ఆమె చేతి కూడు తిని ఆమె తెలుగే నేర్చుకున్నాడు.

మీ ఊళ్లో వీరులెవరని అడిగాను.

"వీరులా? యాడుండారు," అన్నాడు చేపలపులుసు కలుపుకుంటూ. వాళ్లది ఇటలీ ఉత్తరాన, కొండల కింద చుట్టూ గోడ కట్టుకున్న చిన్న ఊరట. స్పెయిన్ వాళ్లొస్తే తలుపు తీశారు. ఫ్రెంచి వాళ్లొస్తే తీశారు. ఆస్ట్రియా వాళ్లకైతే ఎదురెళ్లి ద్రాక్షసారా కూడా పోశారు. "దొర మారినప్పుడల్లా మా తాత కోటగుమ్మం మీద పాత ముద్ర గీకేసి కొత్తది చెక్కేవాడు. మాకు పనికి కరువే ల్యా."

ఇంత సిగ్గులేని చరిత్ర నేనెక్కడా వినలేదు. రోషమొచ్చి మా పూర్వీకుల కథ ఎత్తుకున్నాను. నవాబు దండు మీదికొస్తే మా ఊరు లొంగలేదని, ఆఖరి మగాడు పడేదాకా పోరాడిందని గొంతు పెంచి చెప్పాను.

రాజమ్మత్త నా ఆకులో అన్నం పెడుతూ, "ఆ ఊరు ఇప్పుడెట్టుండాది నాయనా?" అంది.

కంపచెట్లు తప్ప ఏమీ లేవని ఒప్పుకున్నాను.

"మరి నువ్వు యాడ పుట్టినావు?"

"పక్కూళ్లో."

"వాళ్లు కొట్లాడలేదా?" అన్నాడు జువాన్ని.

అబద్ధమాడదామనుకున్నాను గాని, ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"తలుపు తీశారు," అన్నాను. "ముందు నవాబుకు, తర్వాత కడుపుతో ఉన్న మా ముత్తవ్వకు."