సైరన్ మీద శ్రుతి

ముత్తంగి వైపు నుంచి గాలి వీస్తే మా ఫ్యాక్టరీ సాయంత్రం సైరన్ ఇంట్లోకే వినిపిస్తుంది. అది కూయగానే నా గొంతు దానంతటదే సవరించుకుంటుంది. "ఇగ మొదలుపెట్టు, మీ టీచరమ్మ పిలుస్తున్నది" అని మా ఆవిడ నవ్వుతుంది.

రూతమ్మ టీచర్ పటాన్‌చెరులో మా కాలనీ పాటల బృందాన్ని నడిపిన మనిషి. బడి నుంచి రిటైరయ్యాక, చర్చి పక్క హాల్లో ఎవరొస్తే వాళ్లను కూర్చోబెట్టి పాడించేవారు. నేను పాడాలని వెళ్లలేదు. ఫ్యాక్టరీలో రేకులు ఒత్తే ప్రెస్ షాపులో, మిషన్ల మధ్య అరిచి అరిచి నాకు ఇంట్లోనూ అరవడం అలవాటైంది. "ఉప్పు అడిగినా కొట్లాట లెక్కనే ఉంటది. ఆమె దగ్గరికి పోయి జెర గొంతు తగ్గించుకొని రా" అని మా ఆవిడే తరిమింది.

వెళ్లాక పాట పిచ్చి పట్టుకుంది. ఇంత హాయి ఉంటుందని ఎవడికి తెలుసు? కానీ నేను నోరు తెరిస్తే పక్కవాళ్లు చెవులు మూసుకునేవారు. టీచర్ నన్ను చివరి వరుసకు పంపారు.

"యాదగిరీ, నువ్వు పెదాలు కదుపు బిడ్డా. సాలు."

"ఎన్ని రోజులు టీచరమ్మా?"

"క్రిస్మస్ అయినంక సూద్దాం."

అంత అవమానం మా సూపర్‌వైజర్ కూడా చేయలేదు. అయినా మానబుద్ధి కాలేదు. పాడనిస్తారేమోనని ఆశ.

మా హార్మోనియాన్ని ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. అందుకని టీచర్ సైరన్ మీదే శ్రుతి పట్టించేవారు. అది కూసి ఆగగానే ఆమె చెయ్యి లేచేది, అందరం ఆ శ్రుతిలోనే అందుకునేవాళ్లం.

క్రిస్మస్ సాయంత్రం హాలు నిండిపోయింది. టీచర్ కిటికీవైపు చూస్తూ నిలబడ్డారు. మేమూ చూశాం. సైరన్ లేదు. పండగకు ఫ్యాక్టరీ సెలవని ఒక్కరికీ తట్టలేదు. మాలో సగం మంది ఆ సెలవు మీదే వచ్చినవాళ్లం.

చివరికి ఒకరు పైన ఎత్తుకున్నారు, ఇంకొకరు కింద. పాట కుక్కలు చింపిన విస్తరి అయింది. టీచర్ కళ్లు వెతుక్కుంటూ చివరి వరుసకు వచ్చాయి.

"యాదగిరీ, నువ్వు కూయి."

చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్నేళ్లు విన్న సైరన్‌ను విన్నట్టే కూశాను. వినడానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్న ఒకాయన అలవాటు కొద్దీ టిఫిన్ డబ్బా కోసం తడుముకున్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే పాట కుదురుకుంది. నేను మళ్లీ పెదాలు కదపబోతే టీచర్ తల అడ్డంగా ఊపి, నోరు తెరవమని సైగ చేశారు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పాడాను.

టీచర్ ఇప్పుడు లేరు. కొత్త హార్మోనియం వచ్చింది. నన్ను ముందుకు రమ్మంటారు, నేను వెళ్లను. కొత్తగా చేరినవాళ్లు చివరి వరుసలో భయంభయంగా పెదాలు కదుపుతుంటారు కదా, వాళ్ల చెవి దగ్గరికి వంగి "పాడు బిడ్డా, నేనున్న" అని గుసగుసగా చెబుతాను. అది హాలంతటికీ వినిపిస్తుంది.