సితారకు సరిపడే దూరం

ఉలవలు ఉడుకుతున్న వాసనకు అందరికీ చారు గుర్తొస్తుంది. నాకు మా ఆడగుర్రం సితార గుర్తొస్తుంది. హైదరాబాదు రేసుల్లో పనికిరాదని తీసేసిన ఆ జాతిగుర్రాన్ని నా చిన్నప్పుడు నాన్న చిలకలూరిపేట తెచ్చి పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. రోజూ దానికి ఉడికించిన ఉలవలు పెట్టేవాళ్లం.

తిరునాళ్ల ఒక్క చుట్టు పందెంలో అది రెండేళ్లు వరసగా ఆఖరున వచ్చింది. ఈసారీ ఓడితే అమ్మేద్దామన్నాడు కరీం బాబాయి.

ఆ నెలంతా నాన్న దాన్ని మిల్లు వెనక మట్టిరోడ్డు మీద పరిగెత్తించి, దిగగానే డొక్క మీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఊపిరి ఎంతసేపటికి కుదుటపడుతుందో చూస్తున్నాడని నాకేం తెలుసు? ఓదారుస్తున్నాడనుకుని నేనూ రెండో పక్క చెయ్యి వేసి, "ఏడవకే" అనేదాన్ని.

తీరా తిరునాళ్లలో దాని పేరు ఐదు చుట్ల పందెంలో రాయించాడు.

"ఒక్క చుట్టే పరిగెత్తలేనిది ఐదు చుట్లా? నీకేమైనా పిచ్చా అన్నా?" అన్నాడు బాబాయి.

"దానికి ఒళ్లు వేడెక్కడానికే ఒక చుట్టు కావాల్రా," అని నాన్న గుర్రమెక్కాడు.

మూడు చుట్లు ఆఖరునే ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మిగతా గుర్రాలు అలిసిపోయాయి. సితార అదే వేగంతో ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ రెండోదిగా వచ్చింది.

"ఓడిపోయిందిగా, అమ్మేస్తారా?" అని ఏడ్చాను.

"అమ్మేదేంటే పిచ్చిమొహమా! దీనికసలు ఆయాసమే లేదు. ఏడు చుట్ల పందెం ఏ ఊళ్లో ఉందో కనుక్కోవాలి," అన్నాడు బాబాయి.

నాన్న పోయి ఆరు నెలలైంది. ఇంకా తేరుకోలేదా అని అడుగుతుంటారు. తేరుకుంటాను. నాకు కాస్త ఎక్కువ దూరం కావాలి, అంతే.