జ్ఞానమణక్క చదివిన కార్ల ప్రకటన

ఎఫ్ఎంలో కార్ల షోరూం ప్రకటన రాగానే నేను సౌండు తగ్గించేస్తాను. కార్ల మీద నాకేం కోపం లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి అరుస్తారు, మధ్యలో హారన్ మోగుతుంది, చివర్లో షరతుల్ని ఎవరో వెంట తరుముతున్నట్టు చదివేస్తారు. ఆ అరుపుల్లో కొన్ని నేనే రికార్డు చేస్తాను కనుక తిట్టుకునే హక్కు నాకుంది. కాప్రాలో నాకో చిన్న స్టూడియో ఉంది. ఆ స్టూడియో, దాని మీద నిలబడ్డ నా సంసారం, అంతా జ్ఞానమణక్క చలవే.

1983లో మేమిద్దరం రెజిమెంటల్ బజార్‌లో కామరాజు సార్ ప్రకటనల ఆఫీసులో పనిచేసేవాళ్లం. బట్టల దుకాణం పైన రెండు గదులు. ఒకదాంట్లో ఆఫీసు, రెండోదాంట్లో గోడలకు గోనెపట్టాలు కొట్టిన రికార్డింగు గది. నేను టేపు మిషను ఆపరేటర్ని. అక్క టైపిస్టు. నలభై ఏళ్లుంటాయి, పెళ్లి చేసుకోలేదు. మంచం పట్టిన తల్లి రోసమ్మను తనే సాకుతూ బోయిగూడ నుంచి రోజూ నడిచి వచ్చేది. ఆదివారాలు చర్చిలో ప్రకటనలు చదివేది. ఆ గొంతు ఒకసారి విన్న కామరాజు సార్ టైపు మిషనుతో పాటు మైకు కూడా ఆమెకే అప్పగించాడు.

నాకు ముక్కు మీద కోపం. అప్పటికే రెండేళ్లలో రెండు ఉద్యోగాలు నోరు పారేసుకుని పోగొట్టుకున్నాను. ఇది మూడోది. ఇంట్లో మా శ్యామల కడుపుతో ఉంది. ఇది కూడా ఊడగొట్టుకుని వస్తే పుట్టింటికి వెళ్లిపోతానని గట్టిగానే చెప్పింది. శ్యామల ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు.

మా ఆఫీసు సగం సుబ్బరాజు గారి మీదే నడిచేది. గోదావరి జిల్లా నుంచి వచ్చి సికింద్రాబాదులో పాత కార్ల షోరూం పెట్టాడాయన. రేడియోలో తన ప్రకటన మర్యాదగా, పత్రిక భాషలో ఉండాలనేవాడు. ఆ సోమవారం చదవాల్సినవి మూడు కార్లు. తెల్ల అంబాసిడర్, నీలం ఫియట్, ఇంకో ఫియట్. ఏ సంవత్సరం మోడల్, ఎవరి చేతిలో ఉండేది, ఎన్ని మైళ్లు తిరిగింది, అదీ వరస.

అక్క వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు, ఊళ్లు, తల్లిదండ్రుల పేర్లు అందరి ముందూ చదువుతారు. ఈ పెళ్లికి ఎవరికైనా అడ్డు చెప్పాలని ఉంటే చెప్పమని అడుగుతారు. ఆ ముందురోజే అక్క మూడు జంటల ప్రకటన చదివి వచ్చింది. మా మైకు ముందు మూడు కార్ల వివరాలు అయిపోగానే నోరు దాని అలవాటు చొప్పున అది వెళ్లిపోయింది. "వీటి విషయమై ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల వెంటనే తెలియజేయవలెను" అనేసింది. అన్నట్టు ఆమెకే తెలియలేదు.

తెలుసుకోవలసింది నేను. టేపు మొదటి నుంచి చివరిదాకా విని, రిజిస్టరులో సంతకం పెట్టి పంపడం నా పని. నేనేం చేశానంటే, అక్క చదవడం మొదలుపెట్టగానే మిషను తిరగనిచ్చి కింద ఇరానీ హోటల్లో చాయ్ తాగడానికి దిగాను. పైకి వచ్చి, వినకుండానే సంతకం గీకేశాను.

గురువారం నుంచి మూడు రోజులు పొద్దుటి పాటల మధ్య ఆ ప్రకటన వచ్చింది. శనివారం సుబ్బరాజు గారు మండిపడుతూ వచ్చాడు. తనవేమైనా దొంగ కార్లా, అభ్యంతరాలుంటే చెప్పమని ఊరందరినీ అడగడానికి అన్నాడు. ఇక మా గుమ్మం తొక్కనని చెప్పి వెళ్లిపోయాడు. కామరాజు సార్ నన్ను పిలిచి సంతకం చూపించి, టేపు విన్నావా అని అడిగాడు. విన్నానన్నాను. విని కూడా ఎలా పంపావన్నాడు. సాయంత్రం కనిపించి వెళ్లమన్నాడు.

నాకు అర్థమైపోయింది. శ్యామలకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అనుకుంటూ ఆ రోజంతా టేపులు సర్దుతూ కూర్చున్నాను. తీరా సాయంత్రం వెళితే సార్ తల కూడా ఎత్తకుండా సోమవారం టైముకు రమ్మన్నాడు. ఆయన మనసు ఎందుకు మారిందో తెలియలేదు. నా అదృష్టం అనుకున్నాను.

ఆ సోమవారమే సుబ్బరాజు గారి షోరూంకు దేవసహాయం అనే రిటైర్డు మాస్టారు వెళ్లాడు. తనకు అభ్యంతరం ఉందన్నాడు. ఆ తెల్ల అంబాసిడర్ ఆయన తమ్ముడిదట. వానల్లో రెండు రోజులు నీళ్లలో మునిగితే, పైపైన రంగు వేయించి ఎవరికో అంటగట్టాడట. రేడియోలో అంత నిజాయితీగా అడుగుతుంటే నోరు మూసుకుని ఉండలేకపోయానన్నాడు. మెకానిక్ అడుగు రేకులు విప్పి చూస్తే తుప్పు పట్టి వేలు పెడితే దిగిపోయింది. ఆ కారును మర్నాడు ఒక కుటుంబం పిల్లలతో సహా వచ్చి తీసుకువెళ్లాల్సి ఉంది.

సుబ్బరాజు గారు నేరుగా మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. "ఆ మాట తీయకండి. నా ప్రతి ప్రకటన చివరా అదే ఉండాలి" అన్నాడు. అది ఎవరి ఆలోచనని అడిగాడు. అక్క అబద్ధమాడదు. నోరు జారింది తనేనని, పంపింది మాత్రం ఈ బిక్షం అని నన్ను చూపించింది. ఆయన లేచి నాతో చేయి కలిపాడు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆ మాట రేడియోలో వచ్చింది. రేషను షాపు వరసలో కూడా అక్క నోరు విప్పితే జనం వెనక్కి తిరిగి చూసేవారు. టేపు చివరిదాకా వినడం నేను ఆ వారం నుంచే నేర్చుకున్నాను. ఆ ఒక్క అలవాటే నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది.

పోయిన నెల బోయిగూడ వెళ్లినప్పుడు, ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, ఆ రోజు నేను టేపు వినలేదని అక్కకు చెప్పేశాను.

"తెల్సు. నువ్వు చాయ్‌కు పోవుడు కిటికీల నుంచి చూసిన" అంది.

మరి సార్ నన్నెందుకు ఉంచాడో ఇప్పటికీ అర్థం కాలేదన్నాను. అక్క మామూలుగా చెప్పింది.

"నీ నౌకరి తీసేసే కాయితం టైపు కొట్టమని సార్ నాకే ఇచ్చిండు బిక్షం. నీ పేరు కాడ నా పేరు కొట్టి సంతకానికి పెట్టిన. చూసి చింపేసిండు."

ఆయన చింపకపోతే ఏం చేసేదానివక్కా అని అడిగాను. అంత దూరం ఆలోచించలేదంది. ఇన్నేళ్లూ ఈ సంగతి కడుపులో పెట్టుకుని, నా పక్కన కూర్చుని చాయ్ తాగింది. నేను చిన్నబుచ్చుకుంటానని ఒక్కసారి కూడా బయటపెట్టలేదు. ఆమె చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాను.