పెట్రోలు మానేసిన సైకిలోడు

ఆ రోజుల్లో పర్మనెంటు కావాలంటే ఒళ్ళొంచి పనిచేస్తే చాలనుకునేవాణ్ణి. పోర్టు పక్కన ఒక ప్రైవేటు కంపెనీ యార్డులో ఇనుపరాయి ఎత్తే కాంట్రాక్టు కూలీని. సాయంత్రానికి ఆ రాతిదుమ్ముతో నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రగా అయిపోయి ఇంటికొస్తే మా ఆవిడ ముందు నీళ్ళబకెట్టు చూపించేది, తర్వాతే మాట్లాడేది. రెండువేల సంవత్సరం దాటాక మా పర్సనెల్ ఆఫీసు బోర్డు పీకేసి హెచ్చార్ అని పెట్టారు. ఆ బోర్డుతోపాటే గోదావరి వైపు నుంచి ఒక కుర్ర ఆఫీసరూ వచ్చాడు. మనిషి మంచివాడే, తిట్టడు, కసరడు. నోరు తెరిస్తే మాత్రం గాలి, చెట్టు, భూమి. అందుకని మేం పచ్చసారు అని పేరెట్టుకున్నాం. (ఆయన వేసుకునేవి తెల్లచొక్కాలే. మా యార్డులో మధ్యాహ్నానికి అవీ ఎర్రబడేవి.)

ఒకరోజు నోటీసు అంటించారు. నాకప్పటికి అక్షరాలు రావు, మేస్త్రీ చదివి చెప్పాడు. బండి మానేసి సైకిలు మీద వచ్చినవాళ్ళకి మార్కులట, ఆ మార్కులు పర్మనెంటు లిస్టులో కలుపుతారట. నాకు ప్రాణం లేచొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేనెక్కింది సైకిలొక్కటే కదా! వెళ్ళి పచ్చసారు ముందు నిలబడ్డాను.

"మీరెప్పుడూ సైకిలేనా అండీ?" అన్నాడు.

"ఎప్పుడూ అదేనండి."

"అయితే మీరు కొత్తగా తగ్గించిందేమీ లేదు కదండీ," అన్నాడు పాపం, నిజంగానే బాధపడుతూ. వచ్చే వారమంతా గేటు దగ్గర ఎవరు ఏ బండి మీద వస్తున్నారో రాసుకుంటారట. ఆ పై సోమవారం ఆ బండి మానేసి సైకిలెక్కినవాడికే మార్కులట.

మానెయ్యాలంటే ముందు మొదలెట్టాలి కదా. మా ఆవిడ తమ్ముడికి ఒక మోపెడ్ ఉండేది. తెల్లారకుండా ఫిషింగ్ హార్బరు వేలంలో చేపలు పాడుకుని, దానిమీదే పూర్ణా మార్కెట్టుకి మోసేవాడు. వాడి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక వారం మోపెడ్ నాకు, నా సైకిలు వాడికి.

"ఏటి బావా, పెట్రోలు మానీసినోడికి మార్కులా? అసలు ఎప్పుడూ ఎయ్యనోడికి నేవా?"

"నేవురా."

"మీ ఆఫీసరుకి పిచ్చా, నీకు పిచ్చా?"

"నాకు పర్మనెంటు గావాల. తాళం ఇత్తావా నేదా?"

ఇచ్చాడు, టాంకీ ఖాళీ చేసి మరీ ఇచ్చాడు. ఆ వారం నా బతుకు ఎవరికి చెప్పుకోను? మొదటిరోజు చేపలవాసనకి కుక్కలు వెంటపడ్డాయి. నా దగ్గరున్న చిల్లరకి పోయించిన పెట్రోలు అయిపోయి ఇంజను సగం దారిలో ఆగిపోయింది. మోపెడ్‌కి పెడళ్ళుంటాయి కాబట్టి తొక్కాను. ఇనప్పెట్టెను ఎత్తు మీదకి తోస్తున్నట్టే, ఊపిరి అందలేదు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు నా చెమట చూశాడు, బండి చూశాడు, "పెట్రోలు బండి" అని రాసుకున్నాడు. ఆ వారంలో చాలారోజులు అలాగే వెళ్ళాను. (నా జన్మలో అంత సైకిలు నేనెప్పుడూ తొక్కలేదు.)

వారం అయ్యాక ఆదివారం సాయంత్రం మోపెడ్ తీసుకెళ్ళి అప్పజెప్పాను. బావమరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నీ సైకిలు మీద సేపలగంపెట్టినాను బావా. ఎనక సక్రం అప్పడంనాగ అయిపోనాది."

తెల్లారితే నా మార్కుల రోజు. చుట్టుపక్కల ఎవడి సైకిలడిగినా ఆ రోజు వాడికీ అవసరమే. చివరికి నడిచాను. ఇంటి నుంచి యార్డు దాకా, ఆ ఎండలో, చొక్కా ఒంటికి అంటుకుపోతుంటే. గేటు దగ్గర పచ్చసారు సైకిళ్ళవాళ్ళకి నిమ్మరసం ఇస్తున్నాడు. అప్పుడే కంపెనీ లారీ నల్లటి పొగ వదులుతూ వచ్చి మలుపులో ఆగింది. లారీలోంచి కొత్త సైకిళ్ళు దించారు. వెనకొచ్చిన కార్లలోంచి దిగిన ఆఫీసర్లు వాటినెక్కి, గేటు దాకా తొక్కుకుంటూ వచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"మీ సైకిలేదండీ?" అన్నాడు పచ్చసారు.

"నడిసొచ్చినానండి. మోపెడ్ మానీసినాను."

పచ్చసారు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "నడకకి మార్కులు పెట్టలేదండీ. ఎవరైనా నడిచొస్తారని మాకు తట్టలేదు," అని తన చేతిలోని నిమ్మరసం నాకిచ్చేశాడు. అప్పటికే సైరను మోగిపోయింది, సగం పూట కూలి కోశారు.

ఆ ఏడాది లిస్టులో నా పేరు లేదు. పచ్చసారు బదిలీ అయ్యాక వచ్చిన పెద్దాయన ఎవరు ఎన్నాళ్ళుగా రాయి మోస్తున్నారో చూసి, పాతవాళ్ళందరినీ ఒక్క సంతకంతో పర్మనెంటు చేసేశాడు. అంతే. ఆ ఆర్డరుతోపాటు కంపెనీ నా చేతిలో పెట్టిన మొదటి సదుపాయం స్కూటరు లోను. తీసుకున్నాను మరి, కాళ్ళు అరిగిపోయాయి.

ఇప్పటికీ ఆ దారిన స్కూటరు మీద వెళ్తుంటే, చెమటతో తడిసిపోయి, గేటు వైపు గబగబా నడుస్తున్న ఆ పిచ్చోడు నాకు కనిపిస్తాడు. పక్కన బండి ఆపి "ఎక్కుతావేటి బావా?" అని అడగాలనిపిస్తుంది. వాడెక్కడు. ఎక్కితే మార్కులు పోతాయని.