ఏసురత్నం చూడని క్షణం

ఏసురత్నం చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. అయితేనేం, బొద్దింకను కోసి, పేగును చిట్లకుండా బయటికి తీసి, గోరువెచ్చని ఉప్పునీటి చుక్కలో పరిచే పనిలో ఎమ్మెస్సీలు కూడా అతని ముందు దిగదుడుపే. సికింద్రాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా అతను అటెండరు.

బొద్దింక పేగు గోడను కరుచుకుని కంటికి కనిపించని ఒంటికణపు జీవులు బతుకుతాయి. గ్రెగరైన్లంటారు. చిన్నప్పుడు ఒక మొనను గోడలోకి దించి పట్టుకుంటాయి. పెరిగాక పట్టు వదిలి, పేగులోకి జారి, జంట కడతాయి. వదిలేటప్పుడు ఆ మొనను గోడలోనే తెంచుకుని పోతాయా, వెంట లాక్కుపోతాయా? లెక్చరర్ రామ్మోహనరావు గారి బతుకంతా ఈ ఒక్క ప్రశ్నే. పుస్తకాల్లో ఎవరేం రాసినా తన కళ్లతో చూస్తే గాని నమ్మనన్న మొండిఘటం ఆయన.

ఇద్దరూ వంతులేసుకుని మైక్రోస్కోపుకు కళ్లప్పగించి కూర్చునేవారు. పట్టుకున్నవాటిని చూశారు. వదిలి తిరిగేవాటినీ చూశారు. వదిలే క్షణం మాత్రం ఒక్కసారీ చిక్కలేదు. చూసింది తప్ప నోట్‌బుక్కులో ఇంకేదీ ఎక్కకూడదని సారు నియమం. రాసేది రత్నమే. ‘ఏమీ కనిపించలేదు’ అని వందలసార్లు రాసి ఉంటాడు.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఊరంతా కంప్యూటర్ల వెర్రి. జువాలజీలో చేరే నాథుడే లేడు. జూన్‌లో ల్యాబ్ ఖాళీ చేయించి ఏసీలు బిగించారు. అప్పటికే రిటైరైన రావు గారు తన మైక్రోస్కోపును సైనిక్‌పురి ఇంటికి పట్టుకుపోయారు. బొద్దింకల డబ్బాలు బోయిన్‌పల్లిలో రత్నం ఇంటికి చేరాయి. రత్నాన్ని కంప్యూటర్ గది గుమ్మం దగ్గర చెప్పులకు కాపలా కూర్చోబెట్టారు. అతని పనితనానికి ఆ కాలేజీ చేసిన సన్మానం అది.

భార్య ప్రేమమణి ఆసుపత్రిలో ఆయా. “బొద్దింకలను పెంచుడేందయ్యా ఇంట్ల!” అని ఒక్కరోజు గొణిగింది. మర్నాటి నుంచి రొట్టెముక్కలు తనే వేసింది.

జనవరిలో సారు ఫోన్ చేశారు. “రత్నం, షుగరు నా ఎడమకన్ను తినేసింది. కుడిది ఎన్నాళ్లుంటదో తెలీదు. బొద్దింకల్ని పట్టుకొచ్చీ, ఆఖరుసారి చూసేద్దాం.”

డబ్బా అందిస్తూ ప్రేమమణి మురిసిపోయింది. “చూడు, ఎంత సాఫ్‌గ ఉందో. రోజూ కాయితం మారుస్తున్న, వేణ్ణీళ్లతోని తుడుస్తున్న సుత. మీ సార్ పానం వీటి మీదనే గదా.”

ఆమె పడ్డ శ్రద్ధకు రత్నం కూడా మురిసిపోయాడు, ఇంకేదీ తట్టలేదు.

సైనిక్‌పురిలో కిటికీ పక్కన కూర్చుని మొదటి పేగు పరిచాడు. ఖాళీ. రెండోది ఖాళీ. నాలుగోది కోసేసరికి విషయం తెలిసొచ్చింది. ఆ జీవుల విత్తనాలు బొద్దింకల పెంటలోనే ఉంటాయి. అది తింటేనే మళ్లీ పేగుకు చేరతాయి. అందుకే ల్యాబ్‌లో డబ్బాలు ఎప్పుడూ కడిగేవాడు కాదు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. పగలంతా పరాయివాళ్ల మలం ఎత్తే మనిషికి ఇంటికొచ్చాక కూడా ఆ మాటేనా అని నోరు రాక ఊరుకున్నాడు. ఏడు నెలల శుభ్రం ఇరవై రెండేళ్ల ఆశను ఊడ్చేసింది.

“ఉన్నాయేటి?” అన్నారు రావు గారు.

“ఉన్నయి సార్.” ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

ఆయన కుడికన్ను ఆనించి చాలాసేపు చూశారు. “వెలుగు తప్ప ఏటీ ఆనట్లేదు. నువ్వే చూసి చెప్పు.”

రత్నం ఖాళీ పేగును చూశాడు. “ఒకటి ఊగుతున్నది సార్... వదిలింది.”

సారు చేయి అతని భుజాన్ని గట్టిగా పట్టుకుంది. “మొన? మొన ఏటయింది?”

ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడకూడదని నేర్పే మనిషి రత్నం. “గోడలనే ఉండిపోయింది సార్.”

రావు గారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. “రాసీ. తేదీ వేసి రాసీ.”

రత్నం తేదీ వేశాడు. దాని పక్కన ఎప్పటిలాగే ‘ఏమీ కనిపించలేదు’ అని రాశాడు. చదవమన్నారు సారు. పుస్తకంలో లేనిదంతా చదివి వినిపించాడు. సంతకం చెయ్యడానికి ఆయన చేతిని ఆ రెండు మాటల కింద తనే ఆనించాడు. సారు ఎప్పటికన్నా పెద్దగా సంతకం చేశారు.

ఇంటికి రాగానే ప్రేమమణి గుమ్మంలోనే ఎదురొచ్చింది. “దొరికిందా?”

“దొరికింది.”

“నేను మంచిగ చూసుకున్న గదా మరి!”

రత్నం ఆమె చేతిలో ఖాళీ డబ్బా పెట్టాడు. వేణ్ణీళ్లకు పగిలిన ఆ వేళ్లను కాసేపు వదల్లేకపోయాడు.

“నీ అంత మంచిగ ఎవరు చూసుకుంటరు ప్రేమా” అన్నాడు.