కొంగమూల గొలుసు

ఐడెల్లా మాథిస్‌కు మొండితనం పుట్టుకతో వచ్చిందని నది ఒడ్డున అందరూ అంటారు. ఆవిడ ఒప్పుకోదు. "పుట్టినప్పుడు నేను మెత్తగానే ఉన్నాను. మా నాన్నే గట్టిపరిచాడు," అంటుంది.

తండ్రి లెమ్యూల్ ఉప్పుటేటి బురదలో గుల్లలు ఏరి బతికినవాడు. ఏటా మార్చి చివర, చారల బాస్ చేప సముద్రం నుంచి నదిలోకి ఎక్కి వచ్చే వేళకు, కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్ళేవాడు. కూతుర్ని మాత్రం రానిచ్చేవాడు కాదు. ఆడపిల్ల గాలం ముట్టుకుంటే చేప ముఖం చాటేస్తుందని అక్కడి మగవాళ్ళ నమ్మకం. పద్నాలుగేళ్ళ ఐడెల్లా ఒకరోజు కర్ర కూడా లేకుండా, వట్టి దారానికి కొక్కెం కట్టుకుని, వాళ్ళకు కాస్త ఎగువన రెల్లు చాటున కూర్చుంది. ఆ పూట అన్నలకు ఒక్క చేపా పడలేదు. ఐడెల్లా తన నడుమెత్తు చేపను రెండు చేతులా ఈడ్చుకుంటూ తండ్రి ముందు నుంచే నడిచి ఇంటికి పోయింది. మర్నాడు లెమ్యూల్ ఎర పురుగుల డబ్బా పెద్దకొడుకు చేతికిచ్చి, "ఇది చెల్లికి అందించు," అన్నాడు.

అప్పటి నుంచి ఆవిడ ఏ వసంతమూ ఒడ్డు తప్పలేదు. బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలకు వండి పెట్టింది. పెళ్ళి చేసుకుంది. భర్త ఏమోస్‌ను కాటికి సాగనంపింది. మోకాలు అరిగింది. ఎక్కడికి పోయినా, ఏమైనా, చలి ఇంకా విరగని ఆ నాలుగైదు వారాలు మాత్రం ఆవిడను వెతకాలంటే కొంగమూలకే వెళ్ళాలి.

కొంగమూల అంటే నది మెలిక తిరిగే చోట ఉన్న గులకమేట. దాని ముందు నల్లటి బురద చాలా దూరం పరుచుకుని ఉంటుంది. పాటులో నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఆ బురద ఎండకు కాగుతుంది. మధ్యాహ్నం పోటు దాని మీదకు ఎక్కేసరికి ఆ నీళ్ళు మిగతా నది కంటే కాస్త గోరువెచ్చగా ఉంటాయి. చలికి బిగుసుకుపోయిన చేప ఆ వెచ్చదనం వెతుక్కుంటూ ముందు అక్కడికే వస్తుంది. అందుకే ఊళ్ళో పంతుళ్ళూ పడవ కార్మికులూ కూడా ఆ ఒక్క మేట మీదే భుజాలు రాసుకుంటూ నిలబడేవాళ్ళు.

మేట వెనక, ఒకప్పుడు మంచుగడ్డలు నిలవ చేసిన పాత కొట్టు పక్కన ఉన్న నేలను గోర్డన్ ప్రూవెట్ అనే ఆయన కొన్నాడు. నగరంలో ఉద్యోగం విరమించి, భార్య లెనోర్‌తో ప్రశాంతంగా ఉందామని వచ్చినవాడు. ఇల్లు కట్టాడు. గట్టు కోసుకుపోకుండా నీటి వారన చెక్కగోడ వేయించాడు. పెరటి పచ్చిక పక్క నుంచి మేటకు పోయే పాతదారికి అడ్డంగా రెండు స్తంభాలు పాతి, గొలుసు కట్టి, తాళం వేశాడు. లోపలికి రావద్దని పలక తగిలించాడు.

ఎరల కొట్లో ఆ వారమంతా అదే మాట.

"నీటి కింద నేల ఎవడిదీ కాదు, అందరిదీ. దాన్ని ఆయన కొనలేడుగా," అన్నాడు కొట్టువాడు.

"నీటి కింద నేల మనదే. అక్కడికి పోయే దారి ఆయనది," అన్నాడు హార్లన్. ఏమోస్ తమ్ముడు అతను. ఒక చెవి వినపడదు, కాబట్టి ఏది చెప్పినా అరిచే చెబుతాడు. "పాటులో బురద మీంచి నడిచి పోవచ్చు. కానీ పాటులో చేప ఉండదు. చేప వచ్చేసరికి పోటు వచ్చి దారి మునుగుతుంది. తిరిగి రావాలంటే ఆయన పచ్చిక తొక్కాలి. తొక్కితే పోలీసులు. బాగా కుదిర్చాడు."

ఐడెల్లా పురుగుల పొట్లం సంచిలో వేసుకుంది. "తిరిగి రావాలని ఎవరన్నారు?" అంది.

మర్నాడు ఈశాన్యం నుంచి గాలి కోస్తోంది. రెల్లు మొదళ్ళలో పాత మంచు ఇంకా మురికిగా పేరుకుని ఉంది. చంకల దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, గాలపు కర్ర భుజాన వేసుకుని, నీళ్ళు పూర్తిగా తీసిన వేళ ఐడెల్లా వంతెన దగ్గర బురదలోకి దిగింది. అడుగు వేస్తే పిక్క దాకా దిగబడుతోంది. మోకాలు ప్రతి అడుగుకూ ఓ మాట అంటోంది. ఆవిడ దాని మాట వినకుండా మేట చేరి, ఎర గుచ్చి, గాలం విసిరి నిలబడింది.

కిటికీలోంచి చూసి ప్రూవెట్ బయటికి వచ్చాడు. మనిషి పొడుగ్గా, చక్కగా దువ్విన తలతో, మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, పలక చూడలేదా మీరు?"

"చూశాను. అది దారి మీద ఉంది. నేను నీళ్ళ వైపు నుంచి వచ్చాను."

"కాసేపట్లో పోటు వస్తుంది. ఎలా వెళతారు?"

"పోను."

"అంటే నా పచ్చిక మీంచి వెళ్దామనా?"

"మీ పచ్చిక మీద నా బూటు పడదు. మాటిస్తున్నాను," అంది ఐడెల్లా, దారం మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆయన లోపలికి పోయాడు. చలికి ఆవిడే పోతుందిలే అనుకుని ఉంటాడు.

పోటు మొదలైంది. నీళ్ళు చప్పుడు లేకుండా బురద మీదకు పాకాయి. మడమలు ముంచాయి, పిక్కలు ముంచాయి. వెనక చెక్కగోడ, ముందు నది. ఒకప్పుడైతే నీళ్ళు పెరిగేకొద్దీ గట్టు మీదకు ఒక్కో అడుగు వెనక్కి జరిగేవాళ్ళు. ఇప్పుడు జరగడానికి చోటు లేదు.

చన్నీళ్ళ చేప గబుక్కున లాగదు. తలుపు సందులోంచి పిల్లి చెయ్యి పెట్టి చూసినట్టు ఒకసారి తడుముతుంది, ఆగుతుంది, మళ్ళీ తడుముతుంది. ఐడెల్లా ఊపిరి బిగబట్టింది. మూడోసారి కర్ర కొన నెమ్మదిగా వంగి ఇక లేవలేదు. రీలు కీచుమంది. చేప నది నడిమికి పరిగెత్తింది, తిరిగి వచ్చింది, మళ్ళీ పరిగెత్తింది. మొద్దుబారిన వేళ్ళతో ఆవిడ ఇస్తూ, తీసుకుంటూ, చివరికి కాళ్ళ దగ్గరికి రప్పించింది. ఒంటి నిండా కాటుక గీతల్లాంటి చారలతో బాగా పెద్ద ఆడచేప. గుడ్లతో పొట్ట బిగిసి ఉంది. చిన్నదాన్నీ పెద్దదాన్నీ వదిలేయాలి, నడిమిదాన్నే ఇంటికి తీసుకుపోవాలి. అది అక్కడి నియమం. దాని దవడ పట్టుకుని నీళ్ళలోనే కాసేపు ఆడించింది. "వెళ్ళమ్మా, నీకైనా దారి ఉంది," అని వదిలింది.

వంతెన మీంచి చప్పట్లు వినిపించాయి. చూస్తే అక్కడ జనం. హార్లన్ ఊరంతా చెప్పినట్టున్నాడు. అతను చెబితే ఊరంతటికీ వినిపిస్తుంది.

చప్పట్లకు ప్రూవెట్ మళ్ళీ వచ్చాడు. నీళ్ళు ఆవిడ తొడల దాకా ఉన్నాయి. ఆయన ముఖం మారింది. ఫోను తీసి పోలీసుల్ని పిలిచాడు.

వచ్చింది డ్వైట్ ఎస్ట్లో. వంటశాలలో ఐడెల్లా చేతి తిండి తిని, బడి పిల్లలందరిలాగే ఆవిణ్ణి మిస్ డెల్లా అంటూ పెరిగినవాడే. పచ్చిక చివర టోపీ తీసి నిలబడ్డాడు.

"మిస్ డెల్లా, బాగున్నారా?"

"తడిగా ఉన్నాను."

"ఆవిణ్ణి పంపించెయ్యండి," అన్నాడు ప్రూవెట్.

"ఎక్కణ్ణించి సార్? ఆవిడ మీ నేల మీద లేరు."

"ఆ నీళ్ళలో చచ్చిపోతే?"

డ్వైట్ ఆలోచించాడు. "అప్పుడూ మీ నేల మీద ఉండరు."

ఐడెల్లాకు నవ్వు వచ్చింది కానీ దవడలు కొట్టుకుంటున్నాయి, నవ్వు సరిగ్గా రాలేదు. డ్వైట్ అది చూశాడు. గొంతు తగ్గించి, "పైకి రండి మిస్ డెల్లా. మీ మోకాలు సంగతి నాకు తెలుసు," అన్నాడు.

"నువ్వు బఠానీలు జేబులో దాచి ఖాళీ పళ్ళెం చూపించేవాడివి. ఆ సంగతి నాకూ తెలుసు. ఎవరికైనా చెప్పానా? నా మోకాలు జోలికి రాకు."

ఇంతలో హార్లన్ పడవ మెలిక తిరిగి వచ్చింది. "ఎక్కు డెల్లా! చేప పట్టావు, చాలు!" అని అరిచాడు.

"ఎక్కితే ఇంటికి పోతాను. రేపు నువ్వొచ్చి నిలబడతావా ఇక్కడ?"

"నాకు పడవ ఉందిగా!"

"అది లేనివాళ్ళ కోసమే నిలబడ్డాను. ఆ ఫ్లాస్కులో కాఫీ ఇలా ఇచ్చి, అలలు లేపకుండా పక్కకు పో."

అతను గొణుక్కుంటూ ఫ్లాస్కు అందించి, అక్కడే లంగరు వేసుకుని కూర్చున్నాడు. గొణిగినా అందరికీ వినిపించింది.

ప్రూవెట్ గోడ అంచుకు వచ్చాడు. "సరే, ఇవాళ్టికి ఒప్పుకుంటున్నాను. పైకి రండి. పచ్చిక మీంచి వెళ్ళండి."

"ఇవాళ్టికి, నాకు. రేపు?"

"రేపటి సంగతి రేపు."

"అయితే నేనూ రేపటి దాకా ఉంటాను."

భయం వేయలేదని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నీళ్ళు నడుము చేరేసరికి పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. గాలికి అల వచ్చి తోసినప్పుడల్లా ఒళ్ళు తూలింది. చెక్కగోడ చేతికందే దూరంలోనే ఉంది. ఒక్కసారి దాన్ని పట్టుకుంటే చాలు. ఆ గోడ ఆయనది. పట్టుకోలేదు. గాలపు కర్ర మొదలును గులకల్లో గుచ్చి, దాన్ని ఊతగా పట్టుకుని నిలబడింది. ఆ స్థితిలో ఇంకో చేప తగిలింది. నడిమిది, ఇంటికి తీసుకుపోదగ్గది. కర్ర ఎత్తితే పడిపోతుంది. ఎత్తకపోతే చేప పోతుంది. ఎత్తింది. హార్లన్ లేచి నిలబడి తిట్లు లంకించుకున్నాడు. ఆవిడ పడలేదు. చేపను పడవలోకి విసిరి, "తలకాయ నీది," అంది.

పొద్దు రెల్లు వెనక్కి దిగుతోంది. లెనోర్ ప్రూవెట్ మొగుడి కోటు భుజాన వేసుకుని బయటికి వచ్చింది. అప్పటిదాకా ఆమె గొంతు ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

"తాళంచెవి ఇవ్వు గోర్డన్."

"నువ్వు లోపలికి వెళ్ళు. ఇది మన ఇంటి విషయం, జనం ముందు వద్దు."

"మన ఇంటి ముందు మనిషి కొయ్యబారిపోతోంది. ఆ కిటికీ దగ్గర కూర్చుని నన్ను అన్నం ఎలా తినమంటావు? ఇవాళని కాదు, ఇక ఎప్పుడైనా."

ఆయన ఆమె వైపు చూశాడు, వంతెన మీద జనాన్ని చూశాడు, నీళ్ళలో ఉన్న ముసలామెను చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి పచ్చిక మీద పడేసి, ఇంట్లోకి పోయాడు. డ్వైట్ వెళ్ళి తాళం తీశాడు.

"గొలుసు ఇలా పట్టుకురా. కళ్ళతో చూడాలి," అంది ఐడెల్లా. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి.

డ్వైట్ గొలుసు తెచ్చి గోడ అంచున కుప్ప పోశాడు. అప్పుడు ఆవిడ కదలబోయింది. కాళ్ళు కదలలేదు. లెనోర్ పచ్చిక మీద బోర్లా పడుకుని చెయ్యి చాచింది. ఒక చెయ్యి ఆమె, ఒక చెయ్యి డ్వైట్ పట్టుకుని పైకి లాగారు. కోటు కప్పుతుంటే ఐడెల్లా, "నీళ్ళు కారుతున్నాయి, పచ్చిక పాడవుతుంది," అంది. ఎగతాళో, నిజంగానే అన్నదో లెనోర్‌కు అర్థం కాలేదు.

ఆసుపత్రిలో రెండు వారాలు ఉంచారు. కుడికాలి రెండు వేళ్ళకు స్పర్శ మళ్ళీ రాలేదు. ఇక చన్నీళ్ళలో నిలబడకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది. "నిలబడను. కూర్చుంటాను," అని ఐడెల్లా మడత కుర్చీ ఒకటి తెప్పించుకుంది.

ఏప్రిల్ నడిమికి కుంటుకుంటూ కొంగమూలకు వెళ్ళింది. దారి తెరిచే ఉంది. మేట మీద అప్పటికే జనం ఉన్నారు. స్తంభానికి మాత్రం కొత్త పలక: 'యజమాని దయతో ఇచ్చిన అనుమతి మేరకు చేపలు పట్టుకోవచ్చు.' ఐడెల్లా దాన్ని రెండుసార్లు చదివింది. వెనక నుంచి ఎవరో, "పోనీలే మిస్ డెల్లా, రానిస్తున్నాడుగా," అన్నారు.

ఆవిడ పలకను రెండు మేకుల నుంచీ జాగ్రత్తగా, విరగకుండా ఊడదీసింది. పచ్చిక తొక్కకుండా చుట్టూ తిరిగి వీధి వైపు నుంచి వెళ్ళి ప్రూవెట్ల తలుపు తట్టింది. ఆయనే తీశాడు.

"ఇది మీది. అక్కడ పెట్టారు, పొరపాటున," అంది ఐడెల్లా.

"అందులో తప్పేముంది? రమ్మనే రాశాను."

"మీరు మంచిగానే రాశారు. కానీ దయ మీది కాదు, నదిది." పలక ఆయన చేతిలో పెట్టింది. "పోటు వస్తోంది. వస్తాను."

లోపల లెనోర్ పొయ్యి మీద ఏదో కలుపుతూ, మొగుడికి నవ్వు కనపడకుండా అటు తిరిగింది. ఐడెల్లా అప్పటికే కుర్చీ చంకన పెట్టుకుని, కుంటుతూ, ఎవరికీ తప్పుకోకుండా పాతదారి నడిమధ్య నుంచి మేట వైపు నడుస్తోంది.